కప్పలు నిద్రపోయే దాకా

నమోదు 1
డిసెంబరు 3. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

రాసే రోజల్లా మొదటి వరసలో ఈ రెండు సంగతులూ రాయాలని నోకొమిస్ జోసెట్ షరతు. నోకొమిస్ అంటే ఇక్కడివాళ్ల భాషలో మామ్మ, నాకు ఆ భాష నేర్పబోయేది ఆవిడే. నేల మీద మంచు ఉందా, చిత్తడిలో కప్పలు అరుస్తున్నాయా. ఆ తర్వాత ఏమైనా రాసుకోవచ్చు. "నీ భాషలో రాసుకో. నా భాషను పుస్తకంలో పెట్టకు, నోట్లో పెట్టుకో" అని నిన్ననే చెప్పేసింది. నిన్నటికి నా చెవిపూస చెవిలోనే ఉంది కాబట్టి ఆ మాటలన్నీ తెలుగులోనే విన్నాను.

ఈ రోజు పొద్దున ఆరున్నరకు వెళ్లాను. గుమ్మం పక్కన ఒక రేకు డబ్బా ఉంది. పూస తీసి అందులో వేశాను. బుద్ధెరిగాక పూస లేకుండా పరాయి మనిషి ముందు నిలబడడం ఇదే మొదలు. పూస ఉంటే ఎవరు ఏ భాషలో మాట్లాడినా చెవిలో మన మాటే పడుతుంది. తీసేశాక ఆమె ఏదో అంది. నాకు అందింది గొంతు ఒక్కటే.

ఆమె బకెట్ చూపించి "నిబి" అంది. సరస్సుకు పరిగెత్తి నీళ్లు తెచ్చాను. ఆమె బకెట్‌లోకి చూసి, నా మొహంలోకి చూసి, ఆ నీళ్లన్నీ వాకిట్లో పారబోసింది. ఎనభై ఏడేళ్ల మనిషి, ఊపిరి సరిగ్గా ఆడదు. అయినా కర్ర పట్టుకుని నా వెంట ఒడ్డుదాకా నడిచింది. జేబులోంచి చిటికెడు పొగాకు తీసి నా అరచేతిలో పెట్టింది. "అసెమా." నీళ్ల మీద వదలమని సైగ చేసింది. వదిలాక బకెట్ ముంచనిచ్చింది.

సాయంత్రానికి పదకొండు మాటలు వచ్చాయి. నాలుగు మోపుల కట్టెలు చీల్చాను.

ఇంట్లో అమ్మ నా చేతులు చూసి, "ఇంత సదువు సదివించింది ఒకరింట్లో కట్టెలు కొట్టడానికేటే?" అంది. నీళ్ల సంగతి చెప్పాను. నాన్న కంచం ముందు కూర్చుని నవ్వాడు.

"గంగమ్మకి పసుపూ కుంకమూ యెయ్యకుండా పడవ దింపుతామేటి? సదువెక్కువై మర్సిపోనావు."

నమోదు 9
డిసెంబరు 11. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

మాంగ్ సరస్సు వాళ్లు, మా తీరం మునిగాక సముద్రాలు దాటి వచ్చిన నూట పది కుటుంబాలకు ఇళ్లకు చోటిచ్చారు. నీళ్లలోకి మాత్రం ఊరికే దిగనివ్వరు. ఇంటికొకరు పూస లేకుండా వాళ్ల భాష, ఒజిబ్వే, నేర్చుకోవాలి. ఒక చలికాలం ఒక పెద్దమనిషి దగ్గర కూర్చుని వాళ్ల కథ వినాలి. ఆ పెద్దమనిషి సభలో లేచి "ఈ ఇంటికి నీటితో మాట్లాడడం వచ్చు" అనాలి. అప్పుడు ఆ ఇంటి పడవకు ఎర్ర గుడ్డ కడతారు. ఎర్ర గుడ్డ ఉంటేనే వల.

మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. కాబట్టి ఈ పని నా మీద పడింది. నాన్న కష్టపడి కట్టిన పడవ మూడేళ్లుగా ఒడ్డున బోర్లా పడి ఉంది. నాన్న ఐసు ప్లాంటులో దిమ్మలు పగలగొట్టే మిషను నడుపుతాడు. పని అయ్యాక వెళ్లి పడవకు నూనె రాస్తాడు. మూడేళ్లలో ఎంత నూనె తాగిందో ఆ చెక్క. అన్నం తింటున్నప్పుడు కూడా ఎడమ చేత్తో తువ్వాలు కొసకు ముడులు వేస్తూ విప్పుతూ ఉంటాడు. అమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేస్తుంది. ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలు.

మంచు పడితేగాని ఆ కథ చెప్పరట, ఎందుకో తెలీదు; మేం వచ్చాక ఒక్క చలికాలమూ పడలేదు. పడవలు లేక పోయినేడు నాలుగు కుటుంబాలు దక్షిణాది ఫ్యాక్టరీలకు వెళ్లిపోయాయి. ఈసారీ పడకపోతే మేమూ వెళ్లాలని అమ్మ అంటోంది. నాన్న తువ్వాలు అందుకుంటాడు. ముడి వేస్తాడు.

నమోదు 13
డిసెంబరు 16. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

ఇప్పుడు మూడొందల మాటలు వచ్చు. ధైర్యం చేసి, కథ చెప్పమని ఒజిబ్వేలోనే అడిగాను. రెండు రోజులు సాధన చేసిన వాక్యం. నోకొమిస్ మెచ్చుకోలేదు. లేచి తలుపు తెరిచింది. చిత్తడి వైపు వేలు చూపించి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "బిజిందన్." విను.

డిసెంబరులో కప్పలు. ఈ దేశంలో ఇదివరకు ఈ నెలకు అవి అడుగున బురదలో రాళ్లలా పడి ఉండేవట.

"గావీన్" అని తలుపు మూసింది. కాదు, కూడదు, ఇవ్వను, అన్నిటికీ ఆ మాటే.

తర్వాత పూస పెట్టుకోమని, వివరంగా చెప్పింది. వాళ్లకు కథలు రెండు రకాలు. ఒకటి దిబాజిమొవిన్. నిన్న ఏం జరిగింది, మామయ్య పడవలోంచి ఎలా పడ్డాడు, అలాంటివి. ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. రెండోది ఆదిజోకాన్. అది చెప్పే వస్తువు కాదు, ఒక ప్రాణి. పిలిస్తే వచ్చి కూర్చుంటుంది. నేల మీద మంచు ఉన్నప్పుడే పిలవాలి. ఎవరి గురించి చెబుతామో వాళ్లు, అంటే కప్పలూ పాములూ ఎలుగులూ ఇంకా పేరెత్తకూడని వాళ్లూ, అప్పుడు నిద్రలో ఉంటారు.

"మెలకువగా ఉంటే ఏమవుతుంది?"

"నీ గురించి నీ గుమ్మంలోనే నిలబడి మాట్లాడుకుంటే నీకెలా ఉంటుంది? మా అమ్మయితే, ఎండాకాలం కథ అడిగితే రాత్రికి కప్పలు పక్కలో దూరతాయనేది. ఒకసారి మా అన్న అడిగాడు. నిజంగానే దూరింది." కాసేపు దగ్గి, కళ్లు తుడుచుకుంది. "నేనే పెట్టాను."

చిత్రమేమిటంటే పూసలో ఆ రెండు మాటలూ ఒక్కలాగే పడ్డాయి. రెండూ 'కథ' అనే. పూస తీసి మళ్లీ చెప్పించుకున్నాను.

ఇదంతా నేను ఇంట్లో అరగంట వివరించాను. నాన్న చివరిదాకా విని, "అంటే కతకి యేట నిషేధం అన్నమాట. గుడ్డు మీదున్న సేపకి వల యెయ్యం గదేటి" అన్నాడు. నేను రెండు పేజీల్లో రాసుకున్న సంగతి.

నమోదు 21
జనవరి 9. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

కాలు ఒకచోట నిలవడం లేదు. గంటకోసారి కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. ఆకాశం పాత అల్యూమినియం గిన్నెలా ఉంటుంది, దాంట్లోంచి వాన పడుతుంది. 'జోగిపొన్' అనే మాట నేర్చుకున్నాను. మంచు కురుస్తోంది అని. వాడే అవకాశం లేని మాట. అయినా కట్టెలు చీలుస్తూ లోపల అనుకుంటూనే ఉన్నాను, జోగిపొన్, జోగిపొన్, అంటే వస్తుందేమోనన్నట్టు.

నోకొమిస్‌కు ఆక్సిజన్ సిలిండరు పెట్టారు. నర్సు వారానికి రెండుసార్లు వస్తోంది. నోకొమిస్ దగ్గరున్న కథ ఆమె నాయనమ్మ దగ్గరిది. ఇప్పుడది ఇంకెవరికీ రాదు.

మధ్యాహ్నం ఆమె మనవడు ఎమిల్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, సరస్సు సభకు కార్యదర్శి. రెండు చెవుల్లోనూ పూసలే. వాళ్ల నాయనమ్మ మాట కూడా పూసలోంచే వింటాడు. డబ్బాలో వేయమని ఆమె అంటే, మీటింగ్ ఉందని నిలబడే మాట్లాడాడు. అతని మాట కోసం నేనూ పూస పెట్టుకున్నాను.

"నాయనమ్మా, మంచు రాదు. వాతావరణ లెక్కలు నేను చూశాను. పూసలోకి చెప్పేయి, దాచి పెడతాను. ఎప్పుడు మంచు పడితే అప్పుడే తెరుస్తాం. ఒట్టు."

"బతికున్నదాన్ని పెట్టెలో పెడతానంటావు."

"నువ్వు పోతే అదీ పోతుంది కదా!"

"నీకు చిన్నప్పుడు తొమ్మిది చలికాలాలు చెప్పాను. ఏం చేశావు?"

ఎమిల్ చెవులు ఎర్రబడ్డాయి. వెళ్తూ వాకిట్లో నాతో, "నువ్వైనా చెప్పించు. మీ పడవ కోసమైనా" అన్నాడు. ఆ మాట ముల్లులా ఉండిపోయింది.

నమోదు 24
జనవరి 17. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

ఇవాళ నేను చేసినది దాచకుండా రాస్తాను.

నేల మీద మంచు ఉండాలి. అదే కదా నియమం. మా నాన్న పనిచేసేది ఐసు ప్లాంటులో. దిమ్మను మిషనులో వేస్తే పిండిలాంటి ఐసు వస్తుంది. చేపల మీద పరవడానికి అదే వాడతారు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

తెల్లారుజామున నాన్నను బతిమాలి ఐసు బండిలో ఇరవై రెండు ట్రేల ఐసు పిండి వేయించాను. నాన్న ఒక్కసారి అడిగాడు: "ఆ మామ్మని అడిగినావేటి?" ఆశ్చర్యపరుద్దామని చెప్పాను. ఆయన ట్రేలు దింపాడు. ఇద్దరం కలిసి నోకొమిస్ ఇంటి చుట్టూ, మెట్ల మీద, కట్టెల కుప్ప మీద, చిత్తడి దాకా పరిచాం. తెల్లగా, ఎంత బాగుందో. తలుపు తట్టి "నోకొమిస్, గోన్!" అన్నాను. మంచు!

ఆమె సిలిండరు ట్యూబు సర్దుకుంటూ బయటికి వచ్చింది. చూసింది. వంగలేక కర్రకు కాస్త ఐసు అంటించి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఈ మంచు చేపల వాసన వేస్తోంది."

తర్వాత నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. మెట్టు మీద కూర్చోబెట్టి వీపు రాశాను. ఆమె నా మణికట్టు పట్టుకుని చిత్తడి వైపు తిప్పింది. కప్పలు. ఐసు పక్కనే, మామూలుగా, ఇంకాస్త హుషారుగా అరుస్తున్నాయి.

"వెళ్లి వాటికి చెప్పు, చలికాలం వచ్చిందని" అంది.

పదిగంటలకల్లా ఎండ వచ్చింది. ఇంటి చుట్టూ బురద. ఆ వాసనకు ఎక్కడెక్కడి పిల్లులో వచ్చి రోజంతా మెట్లు నాకాయి. నేను ఎక్కడా తలెత్తలేకపోయాను. చదువుకున్న బుద్ధి నియమాన్ని చదివింది, అది ఎందుకుందో చదవలేదు. ఆమె అది చెప్పి కూడా నెల రోజులైంది. రెండు పేజీలు రాసుకున్నాను కూడా.

నమోదు 25
జనవరి 18. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

ఇంట్లో ఎవరికీ మొహం చూపించకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ గరిటెతో తలుపు కొట్టింది. "లెగే. ఐసు కరిగిపోనాదని పిల్ల కరిగిపోతాదేటి?"

నాన్న వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. చేతిలో తువ్వాలు. చాలాసేపు ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాడు.

"సేప మన గుమ్మంలోకి వత్తాదేటే?"

"రాదు."

"మరి మనమేటి సేత్తాం?"

"వేటకెళ్తాం."

"మంచు ఎక్కడున్నాదో కనుక్కో. మామ్మని అక్కడికే తీసుకుపోదాం."

లేచి కూర్చున్నాను.

నమోదు 27
జనవరి 20. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

ఉత్తరాన మూడు రోజుల ప్రయాణం మీద, రైళ్లు మానేసిన ఒక పాత స్టేషను దాటాక మంచు ఉందని ఉపగ్రహ బొమ్మల్లో చూశాను. నోకొమిస్‌కు చెప్పాను. ఆమె లేచి సంచిలో సాక్సులు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఎమిల్ వచ్చి అరిచాడు. నర్సు కూడా ఒప్పుకోలేదు.

"ఐసు బండిలోనా? మా నాయనమ్మను చేపల్లా తీసుకెళ్తారా?"

నాన్నకు పూస అంటే పడదు, చెవిలో పురుగు అంటాడు. అందుకని ఎమిల్ మాట నేను తెలుగులో చెప్పాను. నాన్న బండి తలుపు తెరిచి గోడ మందం జానతో కొలిచి చూపించాడు.

"సలి బయటికి పోకుండా కట్టిన పెట్టి బాబూ. లోపల యేడి పెడితే యేడీ బయటికి పోదు. సెప్పే, ఆయనకి."

చెప్పాను. ఎమిల్ వినలేదు. మాతో రమ్మని నోకొమిస్ అతని చెయ్యి పట్టుకుంది. అతను వదిలించుకున్నాడు.

"ఆ కథలే మంచును పోకుండా పట్టి ఉంచితే సరిపోయేది కదా." నా వైపు తిరిగాడు. "దారిలో ఆమెకేమైనా అయితే సరస్సు సంగతి మరిచిపోండి. మీ ఇంటికి ఎర్ర గుడ్డ ఉండదు."

నాన్నకు ఇదీ తెలుగులో చెప్పాల్సి వచ్చింది. నాన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "సరే అన్నానని సెప్పు."

నమోదు 30
జనవరి 24. మంచు లేదు. కప్పలు... ఇక్కడ చిత్తడి లేదు, తెలీదు.

మూడో రోజు. ముందు సీట్లో నాన్న, వెనక పెట్టెలో మేమిద్దరం, ఏడు దుప్పట్లు, మూడు సిలిండర్లు. ఒక సిలిండరు అయిపోయింది. ఎక్కడ ఆగినా దిగి నేలను చూస్తున్నాను. తడి గడ్డి, తడి రాయి. బొమ్మల్లో తెల్లగా కనిపించిన చోటికి చేరాం. అది కరిగిపోయి రెండు రోజులైందని పెట్రోలు బంకులో మనిషి చెప్పాడు. ఇప్పుడు అక్కడ పెట్రోలు లేదు, బ్యాటరీలే, అయినా బంకనే అంటారు.

వెనక్కి తిప్పాలా? రెండు సిలిండర్లతో ఇంకా ముందుకా? నా గోళ్లన్నీ కొరికేశాను. నోకొమిస్‌ను అడిగితే చెయ్యి దుప్పట్లోంచి తీసి ముందుకు ఊపింది. "అంబే." పద.

దారంతా ఆమె దిబాజిమొవిన్లు చెప్పింది. వాళ్ల అన్న, కప్ప. మంచు తుపానులో వాళ్ల నాయనమ్మ ఒక పొయ్యి చుట్టూ పదమూడు మందిని ఎలా పడుకోబెట్టిందో. చెప్పి, "ఇది ఆ కథ కాదు సుమా" అని ప్రతిసారీ నవ్వింది.

నమోదు 31
జనవరి 25. మంచు ఉంది, జానెడు. కప్పలు అరవడం లేదు.

పొద్దున పదింటికి నాన్న బ్రేకు వేశాడు. బండి వెనక తలుపు తీసి పక్కకు జరిగాడు, తెర తీసినట్టు.

నేను ఎప్పుడూ చూడలేదు. ఐసులా లేదు. వాసన లేదు. చప్పుడు లేదు. పైన్ చెట్ల కింద ఒక చిన్న చిత్తడి గడ్డకట్టి ఉంది. నోకొమిస్ నన్ను దాని మీద పడుకుని చెవి ఆనించమంది. చెంప కాలిపోయింది.

"వినిపిస్తోందా?"

"ఏమీ లేదు."

"అదే కావాలి."

అసెమా తీసి మంచు మీద పెట్టింది. నా పూసను రేకు డబ్బాలో వేయించి, డబ్బాను తీసుకెళ్లి ముందు సీటు కింద పెట్టించింది. నాన్న గంజి కాస్తూ దూరంగా ఉన్నాడు. ఆయన్నీ పిలిచింది. "నాకు బాస రాదని సెప్పవే" అన్నాడు నాన్న. చెప్పాను. "కూర్చోవడం వచ్చు కదా" అంది నోకొమిస్.

చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది. మూడున్నరకు వెలుగు పల్చబడే సరికి ముగించింది. అందులో నాకు అర్థం కాని మాటలు ఉన్నాయి, మళ్లీ చెప్పించుకున్నాను. మొత్తం తిరిగి నాతో చెప్పించింది, రెండుసార్లు. తప్పిన చోట కర్రతో నా బూటు మీద కొట్టింది. నాన్నకు ఒక్క మాట రాదు. కానీ ఒకచోట, సరిగ్గా నవ్వాల్సిన చోట, నాకంటే ముందు నవ్వాడు.

అయ్యాక ఆమె అంది: "ఇప్పుడు మీ ఇంట్లో ఒక మనిషి పెరిగింది. చలికాలం చలికాలం పిలవాలి. పిలవకపోతే చిక్కిపోతుంది."

నమోదు 38
ఫిబ్రవరి 18. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

నోకొమిస్ పోయింది. దారిలో కాదు, తన మంచం మీద, మేం తిరిగి వచ్చిన పదహారు రోజులకు. నేను కట్టెలు పెట్టి వచ్చేసరికి పొయ్యి వైపు తిరిగి ఉంది. సభ ఏప్రిల్లో. అక్కడ లేచి మా ఇంటి తరఫున చెప్పాల్సిన మనిషి ఆమె. ఈ ఆలోచన ఆమె ఒళ్లు చల్లబడక ముందే నాకు వచ్చింది. అందుకు సిగ్గుపడుతూ రాస్తున్నాను.

మనిషి పోతే నాలుగు రోజులు మంట ఆరనివ్వకూడదని వాళ్ల ఆచారం, ఎమిల్ ఆ ఇంటి దగ్గరే ఉండి దానికి కాపలా కాశాడు. చెవుల్లో పూసలు లేవు. నేను కట్టెలు మోసి ఇచ్చాను.

నమోదు 52
ఏప్రిల్ 16. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

సభలో అందరి పూసలూ గంపలో వేశారు. మా వంతు వచ్చింది. ఎమిల్ కాగితం చూసి చదివాడు: ఈ ఇంటి తరఫున చెప్పాల్సిన పెద్దమనిషి లేదు. చెప్పే మనిషి లేనప్పుడు, కథ విన్నవాళ్లు కథ చెప్పి చూపించవచ్చు. అతని ఒజిబ్వే నత్తినత్తిగా ఉంది. రెండు నెలలుగా నేర్చుకుంటున్నాడని తెలుస్తోంది.

నాన్న వెనక బెంచీ మీద ఉన్నాడు. పడవకు కొత్త తాడు కొని తెచ్చుకున్నాడు, ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ ఆయన చేతిని పట్టుకుని కూర్చుంది.

మొదటి వాక్యం నాలుక చివరకు వచ్చింది. అది చెబితే చాలు. కిటికీ తెరిచి ఉంది. చిత్తడంతా కప్పలు. ఇటు నాన్న ఒళ్లో తాడు.

"గావీన్" అన్నాను. "మంచు లేదు."

ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎమిల్ కాగితం పక్కన పెట్టి బల్ల మీదికి వంగాడు. ఇప్పుడు కార్యదర్శిలా లేడు.

"మొదటి వాక్యం. ఒక్కటి చాలు."

"గావీన్."

"నేను చిన్నప్పుడు తొమ్మిది చలికాలాలు విన్నాను. ప్రతిసారీ మధ్యలో నిద్రపోయాను. నాకు చివర తెలీదు." బల్ల అంచు పట్టుకున్నాడు. "రత్నం, నాకు చివర తెలీదు."

ఇవ్వాలనిపించింది. పడవ కోసం కాదు, ఆ మనిషి కోసం. నోరు తెరిచి మూసుకున్నాను. తల అడ్డంగా ఊపాను.

వెనక నుంచి నాన్న గొంతు: "ఏటంటన్నాడే?"

"కథ చెప్పమన్నారు నాన్నా. నేను చెప్పనన్నాను."

నాన్న తాడును చూసుకున్నాడు. ఒక చుట్టు చుట్టాడు.

"పోనీలే. గుడ్డు మీద ఉన్నాది గదా."

అమ్మ, "ఈ తండ్రీకూతుళ్లతో నానేగలేను" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆయన ఏమన్నాడు?" ఎమిల్ అడిగాడు. మా తీరంలో చేప గుడ్లు పెట్టే రెండు నెలలు ఎంత ఆకలైనా పడవ దింపరని, కథకూ ఇప్పుడు ఆ నెలలేనని నాన్న అంటున్నాడని చెప్పాను. నాకు వచ్చిన ఒజిబ్వేలో ఎలా చెప్పగలనో అలా చెప్పాను.

ఎమిల్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత గోడ అల్మారా తెరిచి గుడ్డల చుట్ట బయటికి తీసి, మూర పొడుగు ఎర్ర ముక్క చించాడు. పక్కనున్న పెద్దాయన నియమం సంగతి ఏమిటని అడిగాడు.

"పడవ లేనివాళ్లు ఎన్నాళ్లుంటారు? పోయినేడు నాలుగు కుటుంబాలు వెళ్లిపోయాయి. ఈమె వెళ్లిపోతే కథ కూడా వెళ్లిపోతుంది." గుడ్డ నా చేతిలో పెట్టాడు. "చలికాలం దాకా ఇక్కడే ఉండాలి. మంచు ఎక్కడ పడితే అక్కడికి నన్ను తీసుకెళ్లాలి. ఐసు బండి అయినా సరే. నిద్రపోతే కొట్టు."

"ఆవిడ కర్ర నా దగ్గరే ఉంది" అన్నాను.

నమోదు 60
మే 2. మంచు లేదు. కప్పలు అరుస్తున్నాయి.

నాన్న పడవ నీళ్లలో ఉంది. దింపే ముందు ఒక చేత్తో పసుపు, ఒక చేత్తో అసెమా వేశాడు. "నిబి, మీగ్వెచ్" అన్నాడు. ఆయనకు వచ్చినవి ఆ రెండు మాటలే. నీరూ, కృతజ్ఞతలూ. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి అన్నం తింటున్నప్పుడు ఎడమ చేయి ఒళ్లో ఊరికే పడి ఉంది. అమ్మ దానివైపు రెండుసార్లు చూసింది.

కుదురు తప్పింది ఇప్పుడు నాకు. కట్టెలు చీలుస్తూ, చేపలు తోముతూ, ఈ మధ్యే చేరిన బడిలో పిల్లలకు లెక్కలు చెబుతూ లోపల కథ తిరగేసుకుంటున్నాను. బయటికి అనకూడదు. పెదవులు కదిలితే మూసుకుంటున్నాను. కర్ర ఎవరూ ఎత్తకపోయినా తప్పిన చోట బూటులో కాలు దానంతటదే నొప్పి పుడుతోంది.

ఈ పుస్తకం ఎప్పుడో ఎవరో చదువుతారు. తెలుగు వచ్చినవాళ్లే చదువుతారు. మన తీరంలో మంచు ఎన్నడూ పడలేదు. మీరు చదివే చోట నేల మీద ఏముందో, చుట్టూ ఎవరు మెలకువగా ఉన్నారో నాకు తెలీదు. అందుకే కథ ఇందులో రాయలేదు. కావాలంటే రండి. చలికాలం రండి, దుప్పట్లు తెచ్చుకోండి, పూస డబ్బాలో వేయండి. మంచు ఎక్కడుంటే అక్కడికి నాన్న బండి తోలతాడు.

రేపటి మొదటి వరస ఏమిటో నాకు ఇప్పుడే తెలుసు. ఇప్పుడే రాసి పెట్టుకోవచ్చు. రాయను. పొద్దున లేచి తలుపు తీసి, చెవి పెట్టి, విన్నాకే రాయాలి.